భరణి కార్తెలో తలకోన

తలకోన పేరు ఎత్తగానే అందరూ ఒకటే ఫోటో చూపిస్తారు. కొండ మీద నుంచి తెల్లగా దూకే నీళ్ళు, కింద తడిసి ముద్దయి నవ్వుతున్న మనుషులు. కార్తీకంలో, మార్గశిరంలో వెళ్ళినవాళ్ళ ఫోటోలవి. నేను మొదటిసారి చూసిన తలకోనలో మాత్రం నీళ్ళు జడకు కట్టుకునే రిబ్బనంత కూడా లేవు. ఇన్నేళ్ళయినా తలకోన అంటే నాకు ఆ సన్నటి ధారే కళ్ళ ముందుకు వస్తుంది.

1994 ఎండాకాలం, భరణి కార్తె. పదో తరగతి పరీక్షలు అయిపోయి, రిజల్టు కోసం ఎదురు చూస్తున్న రోజులు. మా చిన్నాయన భాకరాపేట బడిలో అయ్యవారుగా పనిచేసేవాడు. సెలవుల్లో నన్ను అక్కడికి పంపించారు. చిన్నాయనకు ఇద్దరు పిల్లలు, నాకంటే ఏడాది చిన్నవాడు తమ్ముడు, పదేళ్ళ చెల్లి. ఇంట్లో కూర్చుని ముగ్గురం పోట్లాడుకుంటుంటే చిన్నమ్మ పడలేక, "వీళ్ళను యాడికన్నా తీసకపోరాదా" అంది. చిన్నాయన ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు, "తలకోన పోదాం" అన్నాడు.

ఎండాకాలంలో జలపాతమేంటి అని ఎవరూ అడగలేదు. నాకు అడగాలని తోచలేదు. జలపాతం అంటే ఎప్పుడూ పడుతూనే ఉంటుందనుకున్నాను.

చిన్నమ్మ తెల్లవారుజామున లేచి చింతపండు పులిహోర కలిపింది. ఎర్రగడ్డలు, ఊరుబిండి, రెండు సంగటి ముద్దలు వేరే మూట. ఆ సంగటి తాతకు. "ఆయన మన పులిహోర తినడు. తిన్నా ఆకలి తీరదంటాడు" అని చిన్నాయన చెప్పాడు.

తాత మాకు చుట్టం కాదు. నెరబైలు దగ్గర ఒక చిన్న ఊరు. చిన్నప్పటి నుంచి కొండలో తేనె తీసినవాడు. ఊళ్ళో అందరూ తేనెతాత అనేవాళ్ళు. అడవిలోకి పోవాలంటే ఆయన లేకుండా చిన్నాయన అడుగు వేసేవాడు కాదు. మేము బస్సు దిగేసరికి తాత చెట్టుకింద అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. భుజం మీద తువ్వాల, నడుముకు మచ్చుకత్తి, కాళ్ళకు టైరు చెప్పులు, చేతిలో మెడకు తాడు కట్టిన సొరబుర్ర. అంతే ఆయన సామాను. మా నలుగురి సంచులూ చూసి ఏమీ అనలేదు.

గుడి దాకా ఒక ట్రాక్టరులో పోయాం. సిద్ధేశ్వర స్వామి గుడి. దండం పెట్టుకుని బయటికి రాగానే తాత మా ముగ్గురినీ దగ్గరికి పిలిచి వాసన చూశాడు.

"పౌడరు పూసినారా పాపా?"

పూసుకున్నాం. నేను తలకు వాసన నూనె కూడా రాసుకున్నాను. తాత మమ్మల్ని తొట్టి దగ్గరికి తీసుకుపోయి మొహం, మెడ, చేతులు శుభ్రంగా కడిగించాడు. నా తలకు తన తువ్వాల చుట్టాడు. "పైన బండకు తేనెపట్లు ఉండాయి. ఈ వాసనకు అవి లేస్తాయి. లేస్తే నేనైనా నిలబడలేను." ఆ మాట భయపెట్టడానికి అన్నట్టు లేదు. వాన వస్తుంది, గొడుగు పట్టుకోండి అన్నంత మామూలుగా అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "నేను నిలబడితే నిలబడాల. నేను కూచుంటే కూచోవాల. ఎందుకని అప్పుడే అడగొద్దు, తర్వాత చెప్తా."

గుడి నుంచి నీళ్ళు పడేచోటికి దగ్గర దారి ఉంది. తాత మమ్మల్ని ఆ దారిన తీసుకుపోలేదు. చిన్నాయనే అడిగాడట, పిల్లలకు అడవి చూపించమని. ఎండిన ఏరు పట్టుకుని పైకి, ఒక పక్క కొండ ఎక్కి, చుట్టు తిరిగి కోనలోకి దిగాం. పొద్దున ఏడున్నరకు మొదలుపెడితే నీళ్ళ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఎండాకాలపు అడవి నేను అనుకున్న అడవి కాదు. పచ్చదనం లేదు. కాళ్ళ కింద ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. మేము నలుగురం నడుస్తుంటే ఎద్దులమంద పోతున్నంత చప్పుడు. తాత అడుగు మాత్రం వినబడదు. అదే ఆకుల మీద, అదే దారిలో! చెల్లి చాలాసేపు ఆయన కాళ్ళే చూస్తూ నడిచింది. మడమ కాకుండా ముందు పాదం ఆనించి, తర్వాత మెల్లగా బరువు వేస్తున్నాడని కనిపెట్టింది అదే. మేమూ అలా ప్రయత్నించాం. పిక్కలు పట్టేశాయి.

ఆకులు రాలిన చెట్లు అన్నీ ఒకేలా కనబడ్డాయి నాకు. తాతకు ఒక్కొక్కటీ వేరు. తెల్లగా, సున్నం కొట్టినట్టు నున్నటి ఒళ్ళు, పైన కాగితం లాంటి పొర లేచిపోతూ ఉన్న చెట్టు దగ్గర ఆగి, "ఇది తపసి" అన్నాడు. కాండం మీద చిన్న గాటు, అందులోంచి కారి గడ్డ కట్టిన బంక. "దీన్ని మందులకు కొంటారు. ఎక్కువ లాగితే చెట్టు సస్తాది. ఈ గాటు పెట్టినోడికి తెలీదు" అన్నాడు. ఆ గాటు మీద చేయి వేసి ఒక క్షణం ఉంచాడు. మాకు జ్వరం వస్తే చిన్నమ్మ నుదుటి మీద చేయి పెట్టి చూస్తుందే, అట్లా.

ఎర్రచందనం మొదటిసారి చూసింది అక్కడే. అది ఇంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు. నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన బెరడు. అప్పుడే కొత్త చిగుళ్ళు వేసి, మధ్య మధ్యలో పసుపు పూలు. ఎక్కడా ఎరుపు లేదు. గాలికి విరిగి పడిన ఒక ఎండు కొమ్మ దొరికితే తాత దాని చివర మచ్చుకత్తితో చెక్కి చూపించాడు. లోపల కుంకుమ. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, నల్లమల దక్షిణపు కొస, ఈ చుట్టుపక్కల కొండల్లోనే అన్నది చిన్నాయన మాట. అప్పుడు గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఎక్కువ ఏళ్ళు నిలవలేదు. తర్వాత ఈ చెట్టు గురించి పేపర్లో చదివినవన్నీ దుంగల లెక్కలూ, అరెస్టులూ. 2015 ఏప్రిల్‌లో ఇదే శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారని చదివిన రోజు, తాత చూపించిన ఆ కొమ్మ లోపలి ఎరుపు గుర్తొచ్చి చాలాసేపు పేపరు పక్కన పెట్టలేకపోయాను.

దారిలో తునికి పండ్లు, సార పండ్లు దొరికాయి. తాత ఒక చెట్టు కింద నాలుగు ఏరితే ఇంకో నాలుగు వదిలేసేవాడు. తమ్ముడి చెప్పు తెగిపోతే ఆరె చెట్టు కొమ్మ ఒకటి కోసి, బెరడు చీల్చి, నార తీసి పురిపెట్టి కట్టాడు. ఆ నార ముడి ఇంటికి వచ్చాక కూడా వారం రోజులు ఊడలేదు. ఒకచోట చీమలపుట్టంత ఎత్తు చెదలపుట్ట, దాని పక్క భాగం తవ్వి పెళ్ళగించి ఉంది. తాత నిలబడ్డాడు. మేమూ నిలబడ్డాం. ముక్కు ఎగబీల్చి, మట్టి ముట్టుకుని చూసి, మమ్మల్ని ఎడమ పక్కకు తిప్పి నడిపించాడు. బాగా దూరం పోయాక చెప్పాడు, ఎలుగుబంటి చెదల కోసం తవ్విందని, మట్టి ఇంకా ఆరలేదని.

పది గంటలకల్లా మా నీళ్ళు అయిపోయాయి. స్కూలుకు తీసుకుపోయే ప్లాస్టిక్ బాటిళ్ళు అవి, ఎంత పడతాయని? ఎండ నెత్తి మీదికి వచ్చింది. కీచురాళ్ళ రొద చెవుల్లో రంపం కోస్తున్నట్టు. చెల్లి ఏడవడం మొదలుపెట్టింది. చిన్నాయన మొహంలో టెన్షన్ కనబడింది. తన బాటిల్ కూడా దానికే ఇచ్చేశాడు. తాత సొరబుర్ర వైపు చూస్తే అందులో అంబలి ఉంది, అదీ సగమే.

తాత ఏమీ కంగారు పడలేదు. ఏటి వంపు ఒకటి వచ్చేదాకా నడిపించాడు. అక్కడ అడ్డంగా ఒక బండ, బండకు ఈవల ఇసుక మేట, గట్టు మీద పెద్ద మద్దిచెట్టు. చుట్టూ అన్నీ బోడి చెట్లుంటే ఆ మద్ది ఒక్కటీ ఆకులతో ఉంది. "చూడండి, అది తాగుతా ఉండాది" అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టాడు.

పైన ఇసుక కాలిపోతోంది. జానెడు లోతులో గోరువెచ్చన. మూరెడు లోతుకు పోయాక చల్లగా, చేతికి అంటుకునే ఇసుక. తమ్ముడూ నేనూ కూడా తవ్వాం. మోచెయ్యి మునిగేంత లోతయ్యాక అడుగున ఇసుక నల్లబడింది. నల్లబడ్డ చోట ఒక చుక్క మెరిసింది. తర్వాత ఇంకో చుక్క. చూస్తూ ఉండగానే గుంట అడుగున అరచేతిలో పట్టేన్ని నీళ్ళు ఊరాయి. నేను గబుక్కున చేయి పెట్టబోతే తాత పట్టుకున్నాడు.

"మొదటి నీళ్ళు మట్టివి. రెండోవి ఇసుకవి. మూడో ఊట మనది."

ఆకుదొన్నెతో రెండుసార్లు తోడి పోశాడు. మూడోసారి ఊరినవి అద్దంలా ఉన్నాయి. ముందు చెల్లికి పట్టాడు. నా వంతు వచ్చేసరికి నిజంగా చేతులు వణికాయి. ఆ నీళ్ళలో రాతి రుచి, కొంచెం వేరు వాసన. ఆ తర్వాత నేను ఎన్ని ఊళ్ళ నీళ్ళు తాగానో లెక్కలేదు. హైదరాబాదులో పాతికేళ్ళుగా ఎండాకాలం వస్తే ట్యాంకరు నంబరు ఫోన్లో ముందే సేవ్ చేసి పెట్టుకునే ఇల్లు మాది. ఆ దొన్నెడు నీళ్ళను మించినవి తాగానని మాత్రం చెప్పలేను.

అందరం తాగి, బాటిళ్ళు నింపుకున్నాక లేచి నడవబోయాం. తాత లేవలేదు. చెలమ ఒక పక్క గోడను చేత్తో చెరిపి వాలుగా చేస్తున్నాడు. అంతసేపూ నిటారుగా తవ్విన గుంటను పళ్ళెం వాలులా సాగదీశాడు. ఇప్పుడు అడగొచ్చా అన్నట్టు చూశాను.

"మనం తాగి పోతాం. రాత్రికి కణితి వస్తాది, దుప్పి పిల్లలు వస్తాయి. నిట్టనిలువున ఉంటే పిల్లకు మూతి అందదు. వంగితే పడిపోతాది."

ఇంకేమీ అనలేదు. చేతులకంటిన ఇసుక దులుపుకుని ముందు నడిచాడు.

కోనలోకి దిగేచోట గాలి మారింది. అంతవరకూ ఎండుగడ్డి వాసన, ఒక్కసారిగా తడి మట్టి వాసన. పైన బోడి కొండ, లోపల పచ్చటి మామిళ్ళు, నేరేళ్ళు. కొండ రెండు చేతుల మధ్య దాచుకున్నట్టు ఉంది ఆ పచ్చదనం. చెట్ల మీదుగా కొండచిలువలా మెలికలు తిరిగిన గిల్లతీగ. తీగ అంటే మల్లెతీగ తెలిసినదాన్ని, మనిషి నడుమంత లావు తీగను చూసి నోట మాట రాలేదు. దాని కాయ నా చెయ్యంత పొడవు ఉంది. కొమ్మల్లోంచి తెల్లటి రిబ్బను తోక ఉన్న పిట్ట ఒకటి ఊగుతూ పోయింది. దాని వెనకే పరుగెత్తబోయిన తమ్ముడి చెయ్యి తాత పట్టుకుని, నోరు తెరవకుండా పైకి చూపించాడు. కొండ గోడకు, అంత ఎత్తున, నల్లటి చాటల్లా వేలాడుతున్న తేనెపట్లు. లెక్కపెడితే పదకొండు. వాటి కింద నుంచి ఊపిరి బిగబట్టుకుని నడిచాం.

తర్వాత జలపాతం.

270 అడుగుల ఎత్తు, ఆంధ్రలో అన్నిటికన్నా ఎత్తైన జలపాతం అని చెబుతారు. ఆ ఎత్తు ఉంది. నీళ్ళు లేవు. కొండ కొసన ఎక్కడో బయలుదేరిన సన్నటి ధార సగం దాకా ధారగా ఉండి, తర్వాత చినుకులైపోయి, గాలి ఎటు వీస్తే అటు ఊగుతోంది. కింద గుండంలో ముదురాకుపచ్చ నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

"ఇదేనా?" అన్నాడు తమ్ముడు. నాకూ అదే మాట నోటి దాకా వచ్చింది.

తాత మొహం చిన్నబోతుందేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం వాడి భుజం మీద చెయ్యి వేసి గుండం పక్కనున్న బండ మీదికి తీసుకుపోయి, ధార ఊగే దారిలో నిలబెట్టాడు. "కళ్ళు మూసుకో నాయినా. అదే వస్తాది నీ దగ్గరికి." కాసేపు ఏమీ లేదు. గాలి తిరిగింది. పైనుంచి చినుకుల తెర ఒకటి మెల్లగా జరిగి వచ్చి వాడి మీద పడింది. వాడు గట్టిగా అరవబోయి, తేనెపట్లు గుర్తొచ్చి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరం నిలబడ్డాం. మధ్యాహ్నం ఎండలో ఆ తెరలో ఇంద్రధనుస్సు వచ్చి పోతూ ఉంది. నా మొహం మీద పడిన ఆ చల్లదనం ఇది రాస్తుంటే కూడా తెలుస్తోంది.

చినుకు పడని చోట, ముందుకు వంగిన బండ కింద, రాతికి తెల్లటి బిళ్ళలు అతికించినట్టు గుంపులు గుంపులుగా ఉన్నాయి. బల్లి గుడ్లు అన్నాడు తాత. "బంగారు బల్లి. పగలు కనబడదు, పొద్దుగూకితే అరుస్తాది." ఆడవన్నీ ఒకే చోటికి వచ్చి, ఏటేటా అదే బండకు గుడ్లు అంటిస్తాయట. డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు ఆ బల్లి నాకు పుస్తకంలో ఎదురైంది. 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అధికారి దాని గురించి మొదట రాశాడు. ఆ తర్వాత శాస్త్రవేత్తలకు వందేళ్ళకు పైగా కనబడకుండా పోయి, 1980లలో తిరుమల కొండల్లో మళ్ళీ దొరికింది. ఆ పేజీ చదువుతూ తాతనే తలుచుకున్నాను. ఆయనకు అది ఎప్పుడూ పోలేదు.

పులిహోర తిన్నాం. తాత సంగటి ముద్దలో గుంట చేసి ఊరుబిండి వేసుకుని, అంబలి తాగి, బండకు వీపు ఆనించాడు. అప్పుడు అడిగాను. వానలు పడి ఆరు నెలలైంది కదా, ఈ కాసిని నీళ్ళు ఎక్కడివి?

"స్వాతి, విశాఖ కార్తెల్లో కురిసిందే పాపా ఇది. కొండ అప్పుడు తాగినంత తాగింది. ఇప్పుడు కొంచెం కొంచెం వదులుతా ఉండాది. ఈ పక్కన చెయ్యి పెట్టు."

పెట్టాను. రాతి పగులులోంచి చెమట పట్టినట్టు తడి. ఆ పగులు పొడవునా నాచు, చిన్న చిన్న మొక్కలు. కోన అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అంతకుముందు అది ఊరి పేరు మాత్రమే.

ఆ రాయి కడప రాళ్ళ వరసకు చెందిన క్వార్ట్‌జైట్ అనీ, 150 కోట్ల ఏళ్ళకు పైబడిందనీ, ఒకప్పుడు నీటి ఒడ్డున పేరుకున్న ఇసుకే అలా గట్టిపడిందనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. రాయి తనంతట తాను నీళ్ళు పీల్చుకోదు, దాని పగుళ్ళలో, పైనున్న మట్టిలో, చెట్ల వేళ్ళ మధ్య నీళ్ళు నిలుస్తాయి. చెట్లు పోతే మట్టి పోతుంది, మట్టి పోతే స్వాతి వాన స్వాతిలోనే వెళ్ళిపోతుంది. తాత చెప్పింది అదే. నాకు చదువుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

తిరుగు ప్రయాణం దగ్గర దారిన గంటలోపే అయిపోయింది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. చెల్లి తాత వీపు మీద నిద్రపోయింది. చిన్నాయన డబ్బులు ఇవ్వబోతే తాత మొదట వద్దని, తర్వాత తీసుకుని, అందులోంచి ఒక నోటు తీసి చెల్లి నిద్రలో ఉండగానే దాని గుప్పిట్లో పెట్టాడు. రెండేళ్ళ తర్వాత చిన్నాయనకు ట్రాన్స్‌ఫర్ అయింది. తాత పోయిన సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొన్న కార్తీకంలో నా కూతురిని తీసుకుని వెళ్ళాను. జిల్లా పేరు మారింది, ఇప్పుడది తిరుపతి జిల్లా. గేటు, టికెట్లు, చెట్ల మీద తాళ్ళ వంతెన, వరసగా కార్లు. ఊరి కుర్రాడు ఒకడు గైడుగా వచ్చాడు. మంచి పిల్లవాడు, ఎవరో పారేసిన చిప్స్ కవర్లు దారి పొడవునా ఏరి తన సంచిలో వేసుకుంటూ నడిచాడు. జలపాతం నిండుగా, హోరుగా ఉంది. మాట్లాడితే వినబడదు. నా కూతురు సంతోషంతో గంతులు వేసింది. నేనూ చూశాను, చాలా బాగుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఏటి వంపు దాకా పోదామని ఆ కుర్రాణ్ణి బతిమాలాను. అంతదూరం ఇప్పుడు పోనివ్వరనీ, నీళ్ళు ఎక్కువగా ఉన్నాయనీ చెప్పి, చివరికి గట్టు మీద నుంచి చూడ్డానికి తీసుకుపోయాడు. మద్దిచెట్టు ఉంది. ఇంకా లావైంది. అడ్డబండ మునిగిపోయింది. ఇసుక మేట ఉన్న చోట నడుము లోతు నీళ్ళు, ఎర్రమట్టి కలిసి సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి. "ఇక్కడ ఏముంది మా?" అని అడిగింది నా కూతురు. వేసవిలో ఇక్కడ ఎవరైనా చెలమ తవ్వుతారా అని ఆ కుర్రాణ్ణి అడిగాను. వాడు కొంచెంసేపు నీళ్ళ వైపు చూసి, "మా అబ్బ తవ్వుతాడు మేడం" అన్నాడు.

"ఒక పక్క వాలుగా తీస్తాడా?"

"అట్లనే తీయాల కదా మేడం" అన్నాడు.